మొలతాడుకి కట్టిన లాకు

"ఒలే, మొలతాడు కోసుకుంటంది. ఇప్పీయే."

"ఇప్పితే లాకు ఎక్కడో పడిపోద్ది బావ. ఈ ఆస్పత్రిలో ఎవుడెత్తుకుపోతాడో ఏటో. సాయంత్రం దాకా ఓర్సుకో. ఇంటికెళ్ళిపోతాం కదా."

"సర్లే."

అదే ఆఖరు. నా పెనిమిటి నాతో ఆడిన ఆఖరి మాట 'సర్లే'. నేను టీ తెద్దామని కిందికి దిగినాను. పైకొచ్చేసరికి నర్సమ్మ మంచం సుట్టూ తెర లాగేస్తంది.

పిల్లలూ, మీరు కంప్యూటరు కోర్సు సదువుతన్నారంట. మా మేనకోడలు కూడా మీతోటే సదువుతంది. "అత్తా, నీ పని కబురొకటి సెప్పు, మా పుస్తకంలో ఏస్తాం" అని వారం బట్టి నా ప్రాణం తీస్తంది. నాకు సంతకం తప్ప రాయడం రాదు. నేను సెప్తన్నాను, అది రాస్తంది. మంచి కబురు కాదు, ముందే సెప్తన్నాను. నవ్వొచ్చిన కాడ నవ్వుకోండి. నాకేటీ కోపం రాదు.

మాది జాకెట్ల షాపు. శ్రీకాకుళం నుంచి అరసవల్లి ఎళ్ళే దారిలో ఒక గది. నేను ఇరవయ్యేళ్ళు కాలిమిషను తొక్కినాను. ఆయన సూరత్‌లో ఎంబ్రాయిడరీ మిషన్ల మీద పన్జేసి వచ్చినాడు. కంప్యూటర్లో బొమ్మ పెడితే ఆ మిషను దానంతటది కుట్టేస్తాది. బొమ్మని కుట్లు కింద మార్సడాన్ని మా పనిలో పంచింగ్ అంటారు. బొమ్మ నాది, పంచింగ్ ఆయనది. నేను సుద్దముక్కతో గుడ్డ మీద తీగో, మామిడిపిందో, సిలకో గీసేదాన్ని. ఆయన ఫొటో తీసి, కంప్యూటర్లో ఎట్టుకుని, దాని మీద ఒక్కో సుక్కా పెట్టుకుంటా కూకునేవాడు. "ఈ సిలక ముక్కేటే ఇలగ వంకరున్నాది?" అనేవాడు. "నీ ముక్కు సూసి గీసినాను" అనేదాన్ని.

మనిషి మనిషికీ మెడ ఏరు, సెయ్యి ఏరు కదా. పాత బొమ్మైనా సరే, జాకెట్టు జాకెట్టుకీ మళ్ళీ తెరిసి కొలతకి సరిసెయ్యాలి. అంచేత ఆ సాఫ్ట్‌వేరు తెరుసుకోకపోతే మా షాపు తలుపు తీసినా ఒకటే, మూసినా ఒకటే. ఇది గురుతెట్టుకోండి.

ఆ సాఫ్ట్‌వేరు మేం కొనుక్కున్నాం. ఈ మాట గట్టిగా రాయవే అమ్మా. కొనుక్కున్నాం. నా మెళ్ళో గొలుసు దానికే ఎళ్ళిపోనాది. మా వీధిలో ఆ పని సేసే షాపులు నాలుగుంటే కొన్నోళ్ళం మేమొక్కళ్ళమే. మిగతావోళ్ళందరిదీ క్రాకు. అంటే దొంగది. ఎవుడో తాళం ఇరగ్గొట్టి పంచిపెట్టింది.

ఆయన క్రాకు ముట్టడు. సూరత్‌లో ఆయన పన్జేసిన కాడ దొంగదే వాడేవారంట. ఒకరోజు పోలీసులొచ్చినారు. ఓనరు ఎనక తలుపు నుంచి ఎల్లిపోనాడు. మిషన్ల కాడున్న మా వోళ్ళని తీసుకెళ్ళి రెండ్రోజులు స్టేషన్లో కూకోబెట్టినారు. "సొంత షాపంటూ పెడితే కొన్నదే ఎడతాను" అని ఆయన అప్పుడే ఒట్టేసుకున్నాడు. మంచి ఒట్టే. కాదని నేననను.

కొన్నదానికి ఒక లాకు ఇచ్చినారు. బొటనేలంత నల్లముక్క. పెన్‌డ్రైవులాగ ఉంటాది. అది కంప్యూటరుకి గుచ్చితే ఎర్ర లైటు ఎలుగుతాది, అప్పుడే సాఫ్ట్‌వేరు తెరుసుకుంటాది. తీసేస్తే ఆగిపోతాది. కొన్నోడే వాడుతన్నాడని నమ్మకం కోసమంట.

ఆ నమ్మకం దానికి మా మీద ఏనాడూ కుదరనేదు. కంప్యూటరు తనంతట తాను ఏదో మార్సుకున్నాదంటే సాలు, సాఫ్ట్‌వేరు మమ్మల్ని మర్సిపోయేది. కంపెనీకి ఫోన్ సెయ్యాలి. ఆళ్ళు ఒక కోడు సెప్తారు, మనం ఒకటి సెప్పాలి. అచ్చరాలూ అంకెలూ కలిపి మూరెడు పొడుగు. ఆయన తెర మీద సూసి సెప్పడం, నేను ఫోను ఆయన సెవి కాడ అట్టుకోడం. ఒక్కటి తప్పితే మళ్ళీ మొదట్నుంచి. నాకు తెలుగు అచ్చరాలు సరిగ్గా రావు గానీ, ఆ కోడు ఇనీ ఇనీ ఇంగ్లీషు అచ్చరాలు ఇరవయ్యారూ వచ్చేసినాయి. ఈ లోకంలో అలగ సదువుకున్న మనిషిని నేనొక్కదాన్నే అనుకుంటాను.

ఒకేడు మాఘమాసం పెళ్ళిళ్ళ ముందు ఎర్ర లైటు ఎలగడం మానీసినాది. బాగుసేసి ఇస్తాం, లాకు పోస్టులో పంపమన్నారు. పంపినాం. ఇరవై రోజులు. ఆ ఇరవై రోజులూ పెళ్ళికూతుళ్ళ తల్లులు వచ్చి గుడ్డలెనక్కి తీసుకుని పక్క షాపుకి ఎళ్ళిపోనారు. పక్క షాపు అబ్బాయి మంచోడే. నన్ను అక్క లెక్కన అప్పా అంటాడు, ఈయన్ని బావా అంటాడు. ఆడిది క్రాకు. ఆడికి లాకూ లేదు, కోడూ లేదు, పోస్టూ లేదు. ఆయేల మా గుమ్మంలో నిలబడి అన్నాడు:

"బావా, నువ్వు పెద్దల్ని కూకోబెట్టి, లగ్గం పెట్టి, పెళ్ళి సేసుకున్నావు. నేను లేవదీసుకొచ్చేసినాను. కాపురం మాత్రం నాదే బాగున్నాది."

"లేసొచ్చింది ఎప్పుడో ఒకప్పుడు లేసిపోద్దిరా."

"నీది పుట్టింట్లో కూకుంది కదా ఇరవై రోజులై!"

నేను పడీపడీ నవ్వినాను. ఆయన నవ్వనేదు. దొంగది ఏనాడూ ఎవుల్నీ ఏటీ అడగనేదు. కొనుక్కున్నదే పొద్దు లేస్తే "నువ్వెవుడివి" అని అడిగేది.

ఆ మజ్జనే విజయనగరంలో ఒక షాపులో ఎవుడో పెన్‌డ్రైవనుకుని లాకు లాగేసుకుని ఎళ్ళిపోనాడని కబురొచ్చినాది. లాకు పోతే మళ్ళీ మొత్తం కొనాల్సిందేనంట. అది ఇన్నాక ఈయనకి నిద్దర పట్టనేదు. మా ఊరోళ్ళు బీరువా తాళాలు మొలతాడుకి కట్టుకుంటారు కదా, ఈయన లాకు కూడా అక్కడే కట్టీసినాడు. పొద్దున్న షాపు తీయగానే సొక్కా ఎత్తి, ఇప్పి, కంప్యూటరుకి గుచ్చడం. షాపు మూసినప్పుడు మళ్ళీ నడుంకి కట్టుకోడం. జాకెట్ల కోసం వచ్చినోళ్ళు మొకం పక్కకి తిప్పుకునేవారు.

సెమట తగిలి పాడైపోద్దేమోనని నేనే దానికి నల్లగుడ్డతో సిన్న సంచీ కుట్టినాను. మూతికి నల్లదారం ఏసినాను. సక్కగా కుదిరినాది. నా సేతి పనికి నేనే మురిసిపోనాను. ఆ మురిపెమే నా కొంప ముంచినాది. ఆ కత ముందుకొస్తాది.

తరవాత ఆయనకి కిడ్నీలు పోనాయి. మా పక్క ఊళ్ళలో ఇది కొత్తేం కాదు. వారానికి రెండుసార్లు రగతం కడిగించుకోడానికి ఎళ్ళేవాడు. ఆ రోజుల్లోనే నాకు పంచింగ్ నేర్పినాడు. నాకు సదవడం రాదు గదా, బొమ్మల గురుతుల మీద నేర్పినాడు. "పై వరసలో మూడోది సూది బొమ్మ, అది నొక్కు. దాని పక్కది కత్తెర." ఆర్నెల్లు పట్టినాది. అప్పట్నుంచి కొలతలు నేనే సరిసేసేదాన్ని. ఆయన కుర్సీలో ఒరిగి కూకుని "ఆ, అదే, అదే" అనేవాడు. డయాలసిస్ రోజున మాత్రం లాకు నాకిచ్చి ఎళ్ళేవాడు. ఆఖరు రోజు అలగ ఇచ్చే యేళ లేకపోనాది. షాపు తీస్తండగానే, లాకు ఇంకా ఇప్పకముందే ఆయాసం వచ్చినాది, ఆటోలో ఏసుకుని ఎళ్ళిపోనాం. ఒళ్ళంతా నీరు. మొలతాడు కండలోకి దిగిపోనాది. నేను ఇప్పనేదు. ఆ మాట మొదట్లోనే సెప్పీసినాను, మళ్ళీ సెప్పలేను.

మా అత్తోరిది కళింగపట్నం దగ్గర పల్లె. శవాన్ని అక్కడికే తీసుకెళ్ళినారు. దహనం వంశధార గట్టున. ఆడోళ్ళు వల్లకాటికి ఎళ్ళకూడదు కాబట్టి నేను ఇంటి కాడే ఉండిపోనాను. రెండో రోజు పక్క షాపు అబ్బాయి పరామర్శకొచ్చినాడు. కాసేపు ఏడిసి, లేసే ముందు మెల్లిగా అడిగినాడు: "అప్పా, లాకెక్కడున్నాది? జాగర్త. బావ లేకపోయినా నువ్వు షాపు నడపగలవు. అదొక్కటుంటే సాలు."

మా మరిదిని పిలిసినాను.

"నాయనా, మీ అన్న మొలతాడు ఏటి సేసినావు?"

"శవం మీద మొలతాడు ఉంచకూడదు కదా వొదినా. కోసీసినాను. తాళాలు తీసి దాసినాను, ఇవిగో."

"తాళాల పక్కన నల్లసంచీ ఉండాలి."

"తాయెత్తా? అది ఇంట్లో ఉంచకూడదన్నారు పెద్దోళ్ళు. అన్న గుండెల మీద పెట్టి సితిలో పంపించీసినాను."

తాయెత్తు. నల్లగుడ్డ, నల్లదారం, మొలతాడు. నా సేతులతో నేను కుట్టిందే. మావోళ్ళు ఎవులు సూసినా తాయెత్తనే అనుకుంటారు. ఆడి తప్పేటున్నాది? పాపం, అన్న కూడా ఉండాలని గుండెల మీద ఎట్టినాడు. నేను సెప్పింది ఇని గోడకి తల కొట్టుకున్నాడు.

ఆయన ఫోనులో కంపెనీ నెంబరు కాడ నాకోసం కుట్టుమిషను బొమ్మ ఎట్టినాడు. అది నొక్కినాను. మేం ఏడుస్తన్న ఇంట్లోనే ఓ మూలకెళ్ళి మాట్లాడినాను. అవతల ఒకబ్బాయి.

"లాక్ పోతే సాఫ్ట్‌వేర్ పోయినట్టే మేడమ్. మళ్ళీ కొనాలి."

"పోలేదు బాబూ. కాలిపోనాది."

"పాడైందా? పాడైతే ఆ పీస్ మాకు పంపండి. చూసి మారుస్తాం. పీస్ మాత్రం ఉండాలి."

"ఎంత ముక్క?"

"ఎంతున్నా సరే మేడమ్. అది మా లాకేనని తెలియాలి కదా."

ఫోను పెట్టీసరికి ఎనక మా పెద్దత్త నిలబడుంది. "మొగుడి సితి ఆరనేదు, ఇది ఫోనట్టుకుని బేరాలాడతంది" అన్నాది.

"ఆరకముందే ఎళ్ళాలనే కదా అత్తా నా కంగారు" అన్నాను. ఆవిడకి అర్దం కానేదు. అందరూ నాకు మతి పోయిందనుకున్నారు.

మూడో రోజు పొద్దున్న ఎముకలు ఏరడానికి మగోళ్ళు బయల్దేరినారు. నేనూ పిండి జల్లెడ అట్టుకుని ఎనకాల నడిసినాను. "ఆడది వల్లకాట్లోకి రావడమేటి" అని ఒక పెద్దాయన దారికడ్డం నిలబడ్డాడు. "నువ్వు నాకు జీతమిస్తావా బావూ, ఇస్తానంటే ఎనక్కెళ్ళిపోతాను" అన్నాను. తప్పుకున్నాడు.

గట్టు మీద గాలి. ఎండుసేపల వాసన. బూడిద ఇంకా ఎచ్చగా ఉన్నాది. మా మరిది కొత్తకుండ దించి, ఆనవాయితీ పెకారం పాలూ నీళ్ళూ సల్లబోనాడు. నేను కేకేసినాను:

"నీళ్ళొద్దు! తడిస్తే పాడైపోద్ది!"

అందరూ నా మొకం సూసినారు. అప్పుడు నాకూ తెలివొచ్చినాది. కాలిపోయినదానికి ఇంకా పాడవడమేటి? పదేళ్ళు 'తడపకు, తడపకు' అని ఆయన నాకు సెప్పిన మాట, నోట్లోంచి దానంతటదే వచ్చీసినాది.

కూకుని జల్లించినాను. ఎముక వచ్చిందల్లా మా మరిదికి అందించడం, ఆడు కుండలో ఎయ్యడం. ఆయన ఎముకలే. సేతిలో అట్టుకున్నాను. అప్పుడు ఏడుపు రానేదు, సెప్తే మీరు నమ్మరు. కంటికి నల్లటి ముక్క ఒక్కటే కావాల్సొచ్చినాది.

కాటికాపరి ముసలాయన దగ్గరకొచ్చి గొంతుక్కూకున్నాడు.

"ఏటెతుకుతన్నావు తల్లీ? బంగారమా?"

"కాదు తాతా. కంప్యూటరుది."

"నాకు ఈడొచ్చినాక బంగారం ఎతికినోళ్ళని సూసినాను, పన్ను ఎతికినోళ్ళని సూసినాను. కంప్యూటరుది ఇదే సూడ్డం." అని తన కర్రతో ఓ పక్క బూడిద లాగినాడు. "గుండెల మీదెట్టిందైతే ఇక్కడ జారుతాది. ఎన్ని సూడనేదు."

ఆయన సెప్పిన కాడే దొరికినాది. నల్లముక్క కరిగి గడ్డకట్టిపోనాది. ముందున్న ఇనప మొన మాత్రం మిగిలినాది, గోరంత. తాత ఏళ్ళతో అట్టుకుని ఎండకి తిప్పి సూసినాడు.

"ఇది పన్జేస్తాదా తల్లీ?"

"ఇది పన్జెయ్యక్కర్లేదు తాతా. ఉన్నాదని సూపిస్తే సాలంట."

తుడవనేదు. తుడిస్తే ఏటి రాలిపోద్దోనని భయం. ఒక జాకెట్టు పీసులో సుట్టినాను. జల్లెడ అక్కడే వదిలీసినాను, ఇంటికి తేకూడదు. ఆయన బూడిద కుండతో కళింగపట్నం సముద్రంలో కలిసినాది. ఓ సిటికెడు మాత్రం కొరియర్లో కంపెనీకెళ్ళినాది. దానికి బిల్లూ, మరణ పత్రం జతసేసి మా మరిదే పంపినాడు.

నెల్నాళ్ళకి ఫోనొచ్చినాది. ఈపాలి ఒక ఆడపిల్ల.

"మేడమ్, పీస్ మీద నెంబర్ కనిపించట్లేదు. వెరిఫై చేయలేకపోతున్నాం."

"కాలిపోయినాది గదమ్మా. బిల్లు పంపినాం."

"బిల్ మీ పేరు మీద లేదు మేడమ్. రూల్ ప్రకారం కస్టమర్ గారే రిక్వెస్ట్ పెట్టాలి. సార్‌తో ఒకసారి మాట్లాడించగలరా?"

"సారు నీ దగ్గిరే ఉన్నాడమ్మా. ఆ కవర్లో సూడు."

ఆ పిల్ల ముక్కు ఎగబీల్సింది ఇనిపించినాది. "నేను ట్రై చేస్తాను అమ్మా" అన్నాది. మేడమ్ పోయి అమ్మ వచ్చినాది. ఆ పిల్లనేటి అనగలం, ఆళ్ళు ఎట్టిన కాయితం అది సదువుతాది.

ఆ పిల్ల నిజంగానే ఎవులి కాళ్ళో అట్టుకున్నట్టుంది. రెండు నెలలకి కొత్త లాకొచ్చినాది. ఊరికే ఇచ్చినారు. నేను అబద్దమాడను. షాపు తీసి, దండం పెట్టి, గుచ్చినాను. ఎర్ర లైటు ఎలిగినాది. సాఫ్ట్‌వేరు తెరుసుకున్నాది. పక్క షాపు అబ్బాయి సప్పట్లు కొట్టినాడు. నేను సూది బొమ్మ నొక్కి, ఆఖరుగా ఆయనా నేనూ కలిసి సేసిన తీగ బొమ్మ తెరవబోనాను.

తెర మీద ఏదో ఎర్రగా వచ్చినాది. ఇంకోటి నొక్కినాను. అదీ అంతే. పదకొండేళ్ళ బొమ్మలు, ఒక్కటి తెరుసుకోనేదు. పక్క షాపు అబ్బాయి సదివి తల దించుకున్నాడు.

"ఏటిరా రాసున్నాది?"

"పాత లాకుతో దాసినవంట అప్పా. ఆ లాకు ఉంటేనే తెరుసుకుంటాయంట."

ఆడు తన క్రాకులో కూడా ఎట్టి సూసినాడు. దొంగకీ తెరుసుకోనేదు. మళ్ళీ ఆ పిల్లకే ఫోన్ సేసినాను. అది పెద్దోళ్ళని అడిగొచ్చి మెల్లిగా సెప్పినాది: "అది మీ సెక్యూరిటీ కోసమే అమ్మా. మీ డిజైన్లు వేరేవాళ్ళు తెరవకుండా."

"గీసింది నేనే గదమ్మా. నేను ఏరేదాన్నా?"



కొత్తగా గియ్యడానికి కూకున్నాను. నాలుగు బొమ్మలు గీసినాను. పంచింగ్ అయినాది గానీ, తీగ ఒంపు తిరిగే కాడ దారం ఉండకట్టేది. ఆయన అక్కడ ఏటో సేసేవాడు, అది నాకు నేర్పనేదు. నేర్పాలని ఆయనకీ తోసుండదు. పాతది తెరిసి సూస్తే ఆ కిటుకు తెలిసేది. కుట్టిన జాకెట్లన్నీ కుట్టించుకున్నోళ్ళ ఇళ్ళలో ఉన్నాయి. ఏడాది లాగినాను. మిషను పక్క షాపు అబ్బాయికే ఇచ్చీసి, ఆడి కాడే దారాలు మార్సే పనికి ఎళ్ళినాను. కంటిసూపు తగ్గినాక అదీ మానీసినాను. కంప్యూటరు మాత్రం అమ్మనేదు. మేడ మీద దుప్పటి కప్పి ఉన్నాది. అది ఎందుకుంచినావని ఎవులూ అడగరు.

మీరు రేపొద్దున్న ఇలాంటివి తయారుసేసే కంపెనీల్లో కూకుంటారు. దొంగల్ని ఆపొద్దని నేననను. దొంగలకి మా వీధిలో ఏటీ అవలేదని మాత్రం సెప్తన్నాను. కొన్నోళ్ళు కూడా సచ్చిపోతారు, ఆళ్ళకి పెళ్ళాలుంటారు, ఆ పెళ్ళాలకి సదువు రాకపోవచ్చు. తాళం తయారుసేసినప్పుడు ఆ సంగతి ఒక్క పూట ఆలోసించండి. కొనుక్కునేవోళ్ళకైతే ఒకటే మాట. సామాను తీసుకునేటప్పుడే అడగండి, నేను పోతే ఇది ఎవులికి తెరుసుకుంటాదని. ఆయన అడగనేదు. నేనూ అడగనేదు. మొలతాడు గురించి దెబ్బలాడుకున్నాం గానీ, ఇది అడగనేదు.

ఇంకేటీ లేదు. రాయడం అయినాదా అమ్మా? ఏటి, కళ్ళు తుడుసుకుంటన్నావు, కాయితం తడిసిపోద్ది. ఇప్పుడు మొదట్నుంచి సదువు. మెల్లిగా సదువు. నేను సెప్పిందే రాసినావో, నీకు తోసింది రాసినావో నాకెలగ తెలుస్తాది? ఆస్పత్రి కాడ మా ఇద్దరి మాటలున్నాయి సూడు, అక్కడ ఒక్క అచ్చరం మార్సకుండా సదువు. ఊఁ. ఇంటన్నాను.